గడ్డకు అడిగిన సర్టిఫికెట్

ప్రొద్దుటూరు,
1వ తేది, గురువారం.

గౌరవనీయులైన పురపాలక ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,

ప్రొద్దుటూరు పట్టణ వాస్తవ్యురాలు గునిశెట్టి వనిత, భర్త పేరు భానుప్రకాష్, వయస్సు 46 సంవత్సరములు, వ్రాసుకున్న మనవి.

అయ్యా,

విషయం: గత నెల 8వ తేదీన మౌనిక లేడీస్ బ్యూటీ పార్లర్ మీద నేను ఇచ్చిన ఫిర్యాదు పూర్తిగా అబద్ధమని ఒప్పుకొనుట, దానిని కొట్టివేసి సదరు పార్లరుకు వేసిన సీలు ఈ శనివారం లోపల తీయించమని కోరుట గురించి.

తమ కార్యాలయానికి నేను కొత్త మనిషిని కాను. మురుగుకాలువ మీద రెండు, పందుల మీద ఒకటి, మా వీధి మొదట్లో కోడి ఈకలు పారబోసే వాళ్ల మీద మూడు, వెరసి ఆరు అర్జీలు ఇచ్చి ఉన్నాను. నన్ను మెట్ల మీద చూడగానే తమ గుమాస్తా టీకి లేచిపోతాడని కూడా ఎరుగుదును. మౌనిక మీద ఇచ్చినది ఏడవది. ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల మీదనే రాశాను. ఈ ఎనిమిదవది నా మీద నేను రాసుకుంటున్నాను. దస్తూరి బాగుండదు, మన్నించగలరు.

సోమవారం ఉదయం నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేరవలసి ఉన్నది. అంతకు ముందు, ఆదివారం ఒక్క పూటైనా, ఆ పార్లరు తెరిచి ఉండాలి. కారణాలు ఈ దిగువన విన్నవించుకుంటున్నాను. ఇందులో కొన్ని సంగతులు మగవాళ్లకు చెప్పుకునేవి కావు. దయచేసి గుమాస్తా చేత చదివించుకోకుండా తమరే స్వయంగా చదువుకోగలరు.

1. నేను గత తొమ్మిది సంవత్సరములుగా సదరు మౌనిక వద్దకే పోతున్నాను. అంతకు ముందు నాలుగైదు చోట్లకు పోయి ఉన్నాను. ఒకచోట పిల్ల ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ నా ఎడమ కనుబొమ సగం లాగేసింది. రెండు నెలలు కాటుక పెన్సిలుతో గీసుకుని తిరిగాను. ఇంకొకచోట పెండ్లికి పోయే ముందురోజు బ్లీచ్ పూసి, మంట అంటే "అట్లనే ఉంటాది మేడం, పని జేస్తాండాది" అని కూర్చోబెట్టారు. ఆ పెండ్లి ఫోటోలన్నిటిలో నా బుగ్గలు కాలిన అప్పడాల్లాగా ఉన్నాయి. పులివెందులలో ఒకామె నా మొహం చూడగానే నల్లమచ్చలు, గుంతలు, ముడతలు అని వరుసగా చదివింది. తల దువ్వుకుని పోయినదాన్ని తల దించుకుని వచ్చాను.

మౌనిక అట్లాంటిది కాదు. జమ్మలమడుగు పిల్ల, ముప్పై మూడేండ్లు ఉంటాయి. మెట్లెక్కి పోతే ఒకటే గది, రెండు కుర్చీలు. పోగానే "తిన్నావా అక్కా" అని అడుగుతుంది. కనుబొమలు తీసేటప్పుడు దారం పండ్లతో పట్టుకోదు, మెడకు తగిలించుకుంటుంది. మనిషి మనిషికీ కొత్త దారం తెంచుతుంది. నేను ఖరీదైన క్రీము అడిగితే "నీకు పనికిరాదక్కా, దండగ" అని డబ్బా వెనక్కి పెట్టేసేది. వ్యాపారం చేసేవాళ్లు ఇట్లా మాట్లాడతారా అని నేను నవ్వేదాన్ని. ఇంట్లో పొద్దున లేచినప్పటి నుంచి నన్ను పిలవనివాళ్లు లేరు. ఆ కుర్చీలో ముక్కాలు గంట నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆమె నా తలకు నూనె పట్టిస్తుంటే చాలాసార్లు నిద్రపోయాను. ఇంట్లో నాకు అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

2. గత నెల 5వ తేది శుక్రవారం మధ్యాహ్నం. ఆదివారం వేంపల్లెలో మా ఆడబిడ్డ కూతురికి సీమంతం. గాజులు తొడిగే అయిదుగురు ముత్తైదువల్లో నన్ను ఒకదాన్నిగా పిలిచారు. అందరూ చేతులే చూస్తారు గనుక చేతులకు వ్యాక్సింగ్ చేయించుకుందామని పోయాను. కుడి చెయ్యి అయింది. చంక దగ్గర వ్యాక్సు పట్టీ వేయబోయి మౌనిక ఆగింది. పట్టీ పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, మూడు వేళ్లతో మళ్లీ నొక్కి చూసింది.

"అక్కా, ఈడ గడ్డ ఉండాది. ఎన్నాళ్ల నుంచి?"

"వేడి గడ్డ అయ్యుంటాది లే. ఎండలు గదా."

"నొప్పి ఉండాదా?"

"ల్యా."

"నొప్పి ల్యాకుంటేనే భయమక్కా. మా అమ్మకు ఇట్లనే ఉన్నింది. రేపే పోయి డాక్టరుకు సూపించు. సీమంతం తర్వాత అనొద్దు."

ఆమె తల్లి అన్నమ్మ జమ్మలమడుగులో ఆసుపత్రి ఆయాగా ముప్పై ఏండ్లు పనిచేసింది. ఊళ్లో వాళ్ల గడ్డలన్నీ చూసిన మనిషి తన గడ్డను దాచుకుని, నాలుగేండ్ల కిందట పోయింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ నిమిషం నాకు మౌనిక మీద పట్టరాని కోపం వచ్చింది. పక్క కుర్చీలో మా వీధి బట్టలంగడి సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది. ఆమె చెవిన ఒక మాట పడితే సాయంత్రానికి మైలవరం దాకా పోతుంది.

"శుక్రవారం పూట ఏం మాటలు మాట్లాడతాండావే నువ్వు? నీ నోట మంచి మాట రాదా?" అని అరిచాను. ఎడమ చెయ్యి చేయించుకోకుండానే చీర సర్దుకుని దిగి వచ్చేశాను. మెట్ల కింద ఎవరివో చెప్పులు తొడుక్కుని ఇల్లు చేరాను. కోపం అనుకున్నాను. కోపం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

3. ఆదివారం ఒక చెయ్యి నున్నగా, ఒక చెయ్యి మామూలుగా పెట్టుకుని వేంపల్లెకు పోయాను. గాజుల పళ్లెం నా చేతికి వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని మొదటి గాజు ఎక్కిస్తుండగా, పిలుపు మీద తానూ వచ్చిన సుబ్బరత్నమ్మ నలభై మంది ఆడవాళ్ల మధ్యలో అడిగింది: "వనితక్కా, గడ్డ అంట గదా, సూపించుకున్నావా?"

మా ఆడబిడ్డ అత్త లేచి వచ్చింది. గట్టిగా ఏమీ అనలేదు. "నువ్వు కూర్చో తల్లీ, అలసిపోయినట్టుండావు" అని పళ్లెం నా చేతుల్లోనుంచి తీసుకుని వేరే ఆమెకు ఇచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు జబ్బు మనిషి చేత గాజులు తొడిగిస్తారా, ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఆ పిల్ల చేతికి నేను సగం ఎక్కించిన గాజును ఆ వేరే ఆమె తీసేసి, కొత్తది తొడిగింది. నేను అది చూశాను. భోజనం చేయకుండా బయటపడ్డాను.

మా ఇంటాయన మగవాళ్ల వైపు ఉన్నారు. దారిలో "ఏమైంది" అని అడిగారు. పార్లరు వాళ్ల మురికి వల్ల వేడి గడ్డ లేచింది, దాని మీద రచ్చ అని చెప్పాను. ఆయన నమ్మారు. నేను చెప్పినది ఏదైనా ఆయన నమ్ముతారు.

4. మరునాడు సోమవారం తమ గ్రీవెన్స్‌లో ఫిర్యాదు ఇచ్చాను. అందులో నేను రాసినవి: తువాళ్లు మురికివి. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడతారు. పాచిపోయిన వ్యాక్సు పూసినందున నా కుడి చంకలో గడ్డ లేచింది. ఈ మూడూ అబద్ధాలు. ఆమె తువాళ్లు వేడినీళ్లలో ఉడికించి మిద్దె మీద ఆరేస్తుంది, తొమ్మిదేండ్లుగా చూస్తున్నాను. గడ్డ పట్టీ వేయకముందే ఉంది. చంకలో పట్టీ అసలు వేయనే లేదు.

తమ సిబ్బంది తప్పు ఏమాత్రమూ లేదు. 10వ తేదీన పోయి తనిఖీ చేసి, తువాళ్లు శుభ్రంగా కనిపించినవని కూడా రాశారు. ఫిర్యాదులో ఒంటికి హాని అని ఉన్నందున విచారణ తేలేవరకు సీలు వేశారు. గడ్డ సదరు పార్లరు వల్లనే వచ్చినదని డాక్టరు సర్టిఫికెట్ పదిహేను రోజుల్లో దాఖలు చేయమని నాకు కాగితం పంపారు. ఆ కాగితం చూసి సంతోషపడ్డాను. ఒక సర్టిఫికెట్ తెచ్చి పడేస్తే మౌనిక పని అయిపోతుంది, నా గడ్డ వేడి గడ్డ అయిపోతుంది అనుకున్నాను. అయ్యా, నేను డాక్టరు దగ్గరకు పోయింది నా గడ్డ చూపించుకోవడానికి కాదు. ఆ సర్టిఫికెట్ కోసమే పోయాను. తమరు అడగకపోయి ఉంటే ఈ రోజుకు కూడా పోయి ఉండేదాన్ని కాను.

5. డాక్టరమ్మ చూసింది. నేను సంచిలో నుంచి తమ కాగితం తీసి ఇచ్చి, ఇక్కడ ముద్ర వేసి ఇవ్వమన్నాను. ఆమె ఆ కాగితం చదివి, నా మొహం చూసి, మళ్లీ చదివింది.

"దీన్ని మొదట ఎవరు కనిపెట్టినారమ్మా?"

"ఆ పార్లరామె."

"ఆమె మీదనేనా ఈ ఫిర్యాదు?"

నేను తల ఊపాను. ఆమె సూదితో పరీక్షకు రాసింది. వారం తర్వాత ఫలితం వచ్చింది. ఆ రిపోర్టు జతపరచాను. అందులో ఇంగ్లీషులో ఉన్న దానిని తెలుగులో క్యాన్సర్ అనే అంటారు. ఇంతవరకు ఈ మాట నేను నోటితో అనలేదు. చేత్తో రాయడం ఇదే మొదలు. రొమ్ములో మొదలై చంకకు వచ్చిందట. మొదట మందు ఎక్కిస్తారట, తర్వాత ఆపరేషన్ అట. డాక్టరమ్మ చివరికి ఒక మాట అంది: "ఆయమ్మ చెప్పకపోతే ఇంకొక ఏడాది మోసుకుని తిరిగేదానివి. అప్పుడు నా దగ్గరకు వచ్చినా నేను చేసేదేమీ ఉండేది కాదు."

సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు.

6. పోయిన శనివారం ఇంట్లో గుడికని చెప్పి జమ్మలమడుగు బస్సెక్కాను. మౌనిక తండ్రి దాసయ్య వాకిట్లో కూర్చుని చేట ముందు పెట్టుకుని కందిపప్పు ఏరుతున్నాడు. పేరు చెప్పుకున్నాను.

"గడ్డ లేచిందని రాసినావే, ఆయమ్మవు నువ్వేనా?"

"నేనేనప్పా."

తిడతాడని నిలబడ్డాను. తిట్టించుకోవాలనే పోయాను. ఆయన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఇప్పుడెట్లుండాదమ్మా గడ్డ?"

రిపోర్టు సంగతి మొదట ఆయనకే చెప్పాను. ఎవరో తెలియని మనిషికి, పప్పు చేట ముందు కూర్చుని చెప్పాను. దాసయ్య చేట పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు: "మా అన్నమ్మ నాకు జెప్పల్యా తల్లీ. ఒకటే కప్పు కింద ఉన్న్యాం, నాకు గూడా జెప్పల్యా. నేను బెదురుతానని అనుకున్నిందంట. బెదిరేవాణ్ణే. అయినా జెప్పింటే బాగుండు." ఆ మాట నన్ను ఆ రోజు నుంచి నిద్రపోనివ్వడం లేదు.

మౌనిక పులివెందులలో అక్క ఇంట్లో ఉందని చెప్పాడు. మళ్లీ బస్సు. అక్కడ ఎవరిదో పార్లరులో మౌనిక నేల మీద వెంట్రుకలు ఊడుస్తూ కనిపించింది. సొంత దుకాణం ఉన్న మనిషి. నన్ను చూసి చీపురు గోడకు ఆనించి బయటికి వచ్చింది.

"సూపించుకున్యావా అక్కా?"

అదీ ఆమె అడిగిన మొదటి మాట. చెప్పాను. ఆమె నా కుడి చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. నేను క్షమించమన్నాను. రోడ్డు మీద అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆమె ఓదార్చింది గాని, ఒక మాట గట్టిగా అంది.

"నోటితో అంటే నాకు సాలు. ఊరికి సాలదు. తువాళ్లు మురికియని పేపర్లో గూడా ఏసినారు, నా దగ్గరికి ఇంకెవరొస్తారు? కాగితం మీద రాసినావు గదా అక్కా, కాగితం మీదనే తీయి."

అందుకే ఈ అర్జీ.

7. మందు ఎక్కించిన రెండు మూడు వారాల్లో జుట్టు రాలిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. నా జడ ఇప్పటికీ నడుము దాకా ఉంటుంది. తమరు నవ్వవచ్చు. ప్రాణం మీదకు వచ్చిన మనిషి జుట్టు గురించి అర్జీ రాస్తుందా అనవచ్చు. అయ్యా, నాకు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా చూడాలంటే చచ్చేంత భయంగా ఉంది. సూది అంటే భయం, ఆ గది అంటే భయం, అక్కడ నన్ను వరుస నెంబరుతో పిలుస్తారంటే భయం. "రాలేదాకా ఉండొద్దక్కా, ముందే నేను పొట్టిగా కత్తిరిస్తా, దిగులు తగ్గుతాది" అని మౌనిక అంది. పులివెందులలో అది వేరేవాళ్ల దుకాణం, పదిమంది చూస్తారు. నా ఇంట్లో కుదరదు, అందుకు కారణం దిగువన రాశాను. ఆమె కుర్చీలో, ఆమె చేత, ఆదివారం నాడు చేయించుకుంటాను. సీలు తీస్తే శనివారం సాయంత్రానికే వస్తానంది.

కావున తమరు దయతలచి:
అ) నా 8వ తేది ఫిర్యాదును అబద్ధపు ఫిర్యాదుగా నమోదు చేసి కొట్టివేయవలెను.
ఆ) సీలు శనివారం లోపల తీయించవలెను. ఇరవై రెండు దినాలుగా ఆ పిల్ల దుకాణం నా వల్ల మూతపడి ఉన్నది.
ఇ) అబద్ధం రాసినందుకు నా మీద ఏ చర్య తీసుకున్నా కట్టుబడి ఉంటాను. పోలీసు కేసు అయినా సరే. కాకపోతే సోమవారం తర్వాత పెట్టించగలరు.
ఈ) తువాళ్లు శుభ్రంగా ఉన్నవని తమ సిబ్బంది రాసిన ముక్క ఒక కాగితం మీద ముద్ర వేసి ఇప్పిస్తే పార్లరు తలుపుకు నేనే అతికిస్తాను. సుబ్బరత్నమ్మను చేయి పట్టుకుని తీసుకుపోయి చదివిస్తాను.

ఇంతకు ముందు ఇచ్చిన ఆరు అర్జీలకు నాకు జవాబు రాలేదు. వాటిని అడగడం లేదు. కాలువ అట్లనే ఉండనివ్వండి. ఈ ఒక్కటి చిత్తగించవలెనని వేడుకుంటున్నాను.

ఇట్లు,
అబద్ధానికి సంతకం పెట్టిన చేత్తోనే నిజానికీ సంతకం పెడుతున్న
తమ విధేయురాలు,
గునిశెట్టి వనిత

జతపరచినవి: పరీక్ష రిపోర్టు జిరాక్సు ఒకటి, సర్టిఫికెట్ అడుగుతూ తమరు పంపిన కాగితం ఒకటి.

నకలు: శ్రీ గునిశెట్టి భానుప్రకాష్ గారికి, బంగారు నగల వర్తకులు, ప్రొద్దుటూరు. సమాచారం నిమిత్తం.

మరొక మనవి: నకలు విషయం. ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి ఇంటి మనిషి ఉండాలన్నారు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ తెలియదు. నాకు భయమంటే ఏమిటో తెలియదని ఇంట్లో అందరి నమ్మకం. అయిదు దినాలుగా ప్రయత్నిస్తున్నాను. కాఫీ పట్టుకుని ఆయన పక్కన నిలబడతాను, నోరు తెరుస్తాను, కరెంటు బిల్లు కట్టారా అని అడిగి వచ్చేస్తాను. నోటితో నా వల్ల కావడం లేదు. రాయడం ఒక్కటే నాకు చేతనవును. కనుక తమ కార్యాలయపు ముద్ర వేసి, ఎవరైనా పెద్దమనిషి చేత, దుకాణంలో గిరాకీ లేని సమయం చూసి ఆయన చేతికి ఇప్పించగలరు. ఆయన చదువుతున్నంతసేపూ ఆ మనిషి పక్కన నిలబడి ఉండాలి. ఆయనకు కళ్లు తిరుగుతాయి.

ఏమండీ, వేడి గడ్డ అన్న్యాను గదా, అది అబద్ధం. ఇది నిజం. దుకాణం ఎవరికన్నా అప్పజెప్పి ఇంటికి రాండి. వచ్చి నన్నేమీ అడగొద్దు, పక్కన కూర్చోండి. నాకు శానా భయమైతాంది.